ఆ జానెడు సీటు ఎవరిది?

పెళ్ళయిన కొత్తలో ఏడాదిపాటు నా భార్య హైదరాబాద్‌ను చూడలేదు, నా వీపును చూసింది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి వచ్చిన ఒక సాయంత్రం "ఎలా ఉంది?" అని గొప్పగా అడిగాను. "నీ చొక్కా వెనక కుట్టు ఊడింది, ఇంటికెళ్ళాక విప్పివ్వు" అంది. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఆమెది ఐదడుగుల ఒకటి. మా బండి 350 సీసీది. దానికి మెట్టు సీటు: ముందు పల్లంగా నాకు, వెనక ఎత్తుగా ఆమెకు. ఆ మెట్టు ఎక్కినా ఆమె కళ్ళు నా భుజాలు దాటవు.

రోజూ ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా ఇద్దరం ఆ బండి మీదే ఆఫీసులకు. తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు. సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే ఆమె హెల్మెట్ నా హెల్మెట్‌ను టక్కున కొట్టేది. ఇల్లు చేరేసరికి నాకు మోకాళ్ళు, తనకు తుంటి. ఎవరి నొప్పి ఎక్కువో తేల్చుకుంటూ టీ తాగేవాళ్ళం.

సలహాలకు కరువు లేదు. "పొడుగు మనిషివి, హ్యాండిల్ లేపించు" అన్నవాళ్ళు ఎక్కువ. "పెద్ద బండి కొను" అన్నవాళ్ళు కొందరు. "కారు కొను" అన్నవాడు మా బావమరిది. అతనికి కారుంది, పెట్టుకోవడానికి చోటు లేదు. వెనక కూర్చునే మనిషి సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. మూడేళ్ళు డబ్బులు పోసి, ఒకసారి పడబోయి, చివరికి నేను తేల్చుకున్నది ఇది: ఎప్పుడూ డబుల్స్ తిరిగే బండిని వెనక నుంచి ముందుకు సర్దుకుంటూ రావాలి. ముందు సీటు, తరవాత కాళ్ళు, తరవాత స్ప్రింగులు. హ్యాండిల్ చిట్టచివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అలాగే చేశాను.

ముందు ఒక అపోహ సంగతి. షోరూములో నన్ను చూడగానే చెప్పేది సీటు ఎత్తు అంకె. స్ప్లెండర్ ప్లస్‌ది 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805, ఎక్స్‌పల్స్ 200 4వీది 825, హిమాలయన్ 450ది సర్దుకునే సీటుతో 825 నుంచి 845. అంకె పెరిగేకొద్దీ పొడుగువాళ్ళకు మంచిదని అందరి నమ్మకం. నిజానికి ఆ అంకె పొట్టివాళ్ళకు పనికొచ్చేది. కాలు నేలకు అందుతుందా లేదా, అంతవరకే అది చెప్తుంది. నాకు ఏ బండి మీదైనా నేల అందుతుంది. నాకు కావలసింది సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం. మోకాలు ఎంత మడత పడాలో తేల్చేది అదే. సీటుతోపాటు ఫుట్‌రెస్టు కూడా పైకి వెళ్ళిపోతే ఎత్తు బండి కొన్నా నా మోకాలికి ఒరిగేదేమీ లేదు. నేను తిరగేసిన ఏ బ్రోషర్‌లోనూ ఈ దూరం కనిపించలేదు. వెనక సీటు నేల నుంచి ఎంత ఎత్తో అదీ లేదు. దాంతో టేపు జేబులో వేసుకుని షోరూములకు వెళ్ళడం మొదలుపెట్టాను. సేల్స్ కుర్రాళ్ళు మొదట నవ్వారు, తరవాత టేపు రెండో కొస పట్టుకున్నారు.

కాళ్ళు ముందుకు చాపుకునే క్రూజర్ బండ్ల మీద మోకాళ్ళు సుఖపడతాయి, ఒప్పుకుంటాను. కానీ ఒంటి బరువంతా కూర్చున్న చోటే పడుతుంది. గుంత వస్తే కాళ్ళ మీద కాస్త లేవడానికి వీలుండదు, దెబ్బ నేరుగా వెన్నుకు. మన రోడ్ల మీద ఆ బేరం నాకు నచ్చలేదు.

తయారు చేసేవాళ్ళను మరీ తిట్టలేను. ఎక్కువమందికి సరిపోయేలాగే వాళ్ళు చేస్తారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల్లో భారతీయ పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55. అది తిండి లెక్కల కోసం వేసుకున్న ప్రమాణం, బండ్ల కోసం కాదు. అయినా సరదాకి కూడి చూశాను: ఇద్దరూ కలిసి 120. నేను 92, ఆమె 58, మొత్తం 150. అంటే మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఒక బియ్యం బస్తా పెట్టుకుని తిరుగుతున్నట్టే.

అసలు తగాదా మాత్రం ఆ మధ్యలో ఉన్న జానెడు జాగా గురించి. పొడుగు కాళ్ళవాడు మామూలు బండి ఎక్కితే మోకాళ్ళు ట్యాంకు పక్కన ఉండే గుంటల్లో కుదరవు. ఇంకా ముందుకో పైకో వెళ్ళిపోతాయి. కుదరాలంటే వాడు వెనక్కి జరగాలి. వెనక మెట్టు ఉంది, మెట్టు మీద మనిషి ఉంది. ఒంటరిగా వెళ్ళినప్పుడు నడుము మెట్టుకు ఆనించి ఎలాగో సర్దుకుంటాం. ఇద్దరున్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. పైగా బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు వాలిన ఆ మెట్టు మీద నుంచి ఆమె నా మీదికి జారుతుంది. నేను ఇంకో రెండు వేళ్ళు ముందుకు, మోకాళ్ళు ఇంకొంచెం బయటికి.

ఇది సుఖానికి సంబంధించిన గొడవ మాత్రమే అనుకున్నంతకాలం నేను తప్పు వైద్యమే చేయించుకున్నాను. మోకాళ్ళతో ట్యాంకును పట్టుకుంటేనే బ్రేకు వేసినప్పుడు ఒళ్ళు ముందుకు పోకుండా నిలుస్తుంది. ఆ పట్టు లేకపోతే ఇద్దరి బరువూ చేతుల మీదికి, మణికట్ల మీదికి వస్తుంది. చేతులు హ్యాండిల్‌ను నెట్టుకుంటూ ఉంటే బండి సరిగా తిరగదు, బ్రేకు మీద వేళ్ళకు నాజూకుతనం పోతుంది. నా మణికట్టు నొప్పికి మూలం హ్యాండిల్‌లో లేదు, నా వెనక ఉన్న మెట్టులో ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పటికే ఒక యాక్సెసరీస్ షాపులో హ్యాండిల్ కింద రెండంగుళాల రైజర్లు, అంటే దాన్ని పైకి లేపే దిమ్మలు, వేయించుకున్నాను. పావుగంటలో పని అయిపోయింది. నిటారుగా కూర్చుని అద్దంలో చూసుకుంటే దర్జాగానే ఉంది. వైర్లు మాత్రం పాతవే, ఉన్న పొడవులోనే లాగి కట్టారు. మూడో రోజు సాయంత్రం హబ్సిగూడ దగ్గర యూటర్న్ తీసుకుంటున్నాను. వెనక ఆమె, ఆమె చేతిలో కూరగాయల సంచి. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పేసరికి యాక్సిలరేటర్ వైరు బిగుసుకుని ఇంజను దానంతటదే గొంతెత్తింది. బండి ముందుకు దూకింది. క్లచ్ పట్టేసి రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి ఆపాను. పొడుగు కాళ్ళు నాకు ఉపయోగపడిన రోజు అదొక్కటే. టమాటాలు మాత్రం ఒక ఆటో కిందికి పోయాయి.

కాబట్టి హ్యాండిల్ లేపించేవాళ్ళకు ఒక్క మాట. బండి స్టాండు మీద ఉండగా ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పండి. ఇంజను చప్పుడు మారకూడదు. రెండు చివర్లలోనూ క్లచ్ లివర్‌లో ఉండాల్సిన కొంచెం వదులు అలాగే ఉండాలి. ముందు బ్రేకు గొట్టం తీగలా బిగుసుకోకూడదు. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా పొడవాటి వైర్లు, గొట్టం వేయించాలి, లేదా రైజర్లు విప్పేయాలి. షాపువాడు "ఏం కాదు సార్" అన్నా సరే.

నేను విప్పేశాను. అయితే వైర్ల కోసం కాదు. ఆ మూడు రోజుల్లో ఇంకోటి గమనించాను: నిటారుగా కూర్చున్నాక వెనక నుంచి వచ్చే తోపుడుకు ఎదురు నిలవడానికి నాకు మునుపు ఉన్న ఆ కాస్త వాలు కూడా పోయింది. ఒంటరిగా ఎంతో బాగున్న ఎత్తు, ఇద్దరం ఎక్కగానే పనికిరాలేదు.

పుత్లీబౌలి వైపు బండ్ల సామాన్ల దుకాణాల మధ్య సీట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి ఎవరో పంపితే వెళ్ళాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఒక్కరే వచ్చిన్రా? మేడమ్ ఏది?" అన్నాడు. ఆఫీసులో ఉందన్నాను. "ఆమెను తీస్కొని రాండ్రి. ఒక్కరి కొలతకు కుడితే రెండోవాళ్ళు నన్ను తిట్టుకుంటరు." బండిని ముట్టుకోకుండానే పంపేశాడు. మూడేళ్ళలో వెనక మనిషి గురించి అడిగిన మొదటి మనిషి ఆయనే.

శనివారం ఇద్దరం వెళ్ళాం. హెల్మెట్లు పెట్టించి, స్టాండు తీయించి, బండి మీద కూర్చోబెట్టాడు. నా మోకాళ్ళను ట్యాంకు గుంటల్లోకి వచ్చేదాకా వెనక్కి జరగమన్నాడు. అక్కడ సుద్దతో గీత. తరవాత ఆమెను నా వెనక సుఖంగా కూర్చోమని ఇంకో గీత. రెండు గీతల మధ్యా మెట్టు ఉండాల్సిన చోటు, అది ఉన్న చోటి కంటే నాలుగు వేళ్ళు వెనక తేలింది. "పాత సీటు విప్పను సార్. ఇంకో సీటు అడుగు పలక దొరుకుతది, తెచ్చివ్వండ్రి, దాని మీద కడత. మనసు మారితే పాతది ఉంటది." ఇంత మంచి సలహా నాకు ఈ మూడేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు.

ఆయన చేసింది చూడటానికి చాలా చిన్న పని. మెట్టును నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి, ఎత్తు సగానికి తగ్గించాడు. నా వైపు ఫోమ్ ఒక అంగుళం పెంచాడు. దాంతో సీటుకూ ఫుట్‌రెస్టుకూ దూరం పెరిగి మోకాలు ఆ మేరకు విప్పారింది. ఆమె వైపు సీటును వెడల్పు చేసి, ముందుకు వాలు లేకుండా చదును చేశాడు. జారుడు ఆగింది ఆ చదునుతోనే. ఫోమ్ గట్టిది వేశాడు. నేను మెత్తటిది అడిగితే, "మెత్తది దుకాణంలో బాగుంటది, గంటయితే కింది పలక తగుల్తది" అన్నాడు. మొదటి వారం ఇద్దరికీ బల్ల మీద కూర్చున్నట్టు ఉంది. తరవాత శ్రీశైలం వెళ్ళినప్పుడు, ఆమనగల్లు, డిండి, మన్ననూరు దాటి, దోమలపెంట ఘాట్ దిగేటప్పుడు ఆయన మాట అర్థమైంది. ఆ మలుపుల్లో బ్రేకు మీద బ్రేకు. హెల్మెట్లు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

దీనికీ ఒక హద్దు ఉంది. మెట్టును వెనక్కి జరపడమంటే వెనక మనిషిని వెనక్కి జరపడం. ఆమె బరువు వెనక ఇరుసు దాటి పోతే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ బెదురుతుంది. నాలుగు వేళ్ళతో మాకు సరిపోయింది. ఇంకా కావాల్సి వచ్చి ఉంటే బండే మార్చాల్సి వచ్చేది. అందుకే ఎవరైనా పొడుగువాళ్ళు కొత్త బండి గురించి అడిగితే అది ఎన్ని సీసీలని చూడకండి, పొడవాటి చదును సీటు ఉందా చూడండి అంటాను. వెనకటి బండ్లకు బెంచీలాంటి సీటు ఉండేది, ఎవరికి ఎంత కావాలో వాళ్ళే సర్దుకునేవాళ్ళు. ఈ మెట్ల సీట్ల ఫ్యాషన్ వచ్చాక ముందువాడి హద్దు ముందువాడికి, వెనకవాళ్ళ గూడు వెనకవాళ్ళకు గీసిచ్చేశారు. బొమ్మలో బాగుంటుంది.

కాళ్ళ సంగతి. నా బూటు సైజు 11. సిగ్నల్ దగ్గర కాలు దించినప్పుడల్లా నా పిక్క ఆమె బొటనవేళ్ళకు తగిలేది. మెట్టు జరిగాక నేనూ వెనక్కి వచ్చాను కదా, ఇంకా ఎక్కువైంది. నా ఫుట్‌రెస్టులను ఒక అంగుళం కిందికి, కొంచెం ముందుకు దించే పట్టీలు వేయించాం. దానితో వచ్చే పనులు ఎవరూ ముందు చెప్పరు: గేర్ రాడ్‌ను దాని పళ్ళ మీద ఒక పన్ను కిందికి మార్చాలి, వెనక బ్రేకు పెడల్‌ను అంత మేరా దించాలి, దించాక పెడల్ నొక్కగానే వెనక ఎర్ర లైటు వెలుగుతుందో లేదో చూసుకోవాలి. మలుపుల్లో ఫుట్‌రెస్టు నేలకు తొందరగా గీసుకుంటుంది కూడా. ఇద్దరం ఉన్నప్పుడు నేను అంత వాల్చి తిప్పను కాబట్టి ఆ నష్టం ఒప్పుకున్నాను. కుర్ర రేసుగాళ్ళకు ఈ పట్టీలు వద్దు.

స్ప్రింగుల విషయంలో మాత్రం పైసా ఖర్చు లేకుండానే సగం బాగుపడింది. మా బండికి వెనక ఉన్న షాక్ అబ్జార్బర్ల స్ప్రింగును బిగించడానికి ఐదు మెట్లు ఉంటాయి. కొన్నప్పుడు రెండో మెట్టు మీద పెట్టి ఇచ్చారు, మూడేళ్ళూ అక్కడే ఉంది. కొడవలిలా వంగిన పానా టూల్‌కిట్‌లో ఉంటే అది ఎందుకో కూడా నేను అడగలేదు. వెనక ఇరుసు నుంచి సీటు కింద ఒక నట్టు దాకా టేపు పెట్టి కొలిచాం: మెయిన్ స్టాండు వేసి వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకసారి, స్టాండు తీసి ఇద్దరం ఎక్కాక ఒకసారి, పక్కింటి అబ్బాయి టేపు పట్టుకోగా. చక్రం కదలగలిగే మొత్తం దూరంలో ఇంచుమించు మూడో వంతు దిగితే సరిగ్గా ఉన్నట్టు. మాది సగానికి పైగా దిగింది. నాలుగో మెట్టుకు బిగించాక సరిపోయింది. అప్పటిదాకా ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొట్టే హెడ్‌లైటు కూడా దారి మీదికి దిగింది. వెనక కుంగితే ముందు లైటు లేస్తుంది మరి. ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ఈ మెట్లు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. గట్టిపడదు. బండి వెనక భాగం ఎక్కడ నిలబడాలో మాత్రమే మారుతుంది. చివరి మెట్టు దాకా బిగించినా కుంగిపోతుంటే వేరే స్ప్రింగులే వేయించాలి. బిగించాక సైడ్ స్టాండు మీద బండి ఇంకొంచెం ఎక్కువ వాలుతుంది, వాలు చోట పెట్టేటప్పుడు జాగ్రత్త. వెనక టైరుకు ఒకరుంటే ఒక గాలి, ఇద్దరుంటే ఇంకొంచెం ఎక్కువ. ఆ అంకె బండి మీద స్టిక్కర్‌లోనో బుక్కులోనో ఉంటుంది.

ఇక మా అమ్మ. అమ్మ ఒక పక్కకే కూర్చుంటుంది. "కాళ్ళు అటూ ఇటూ వేసుడు నాతోని కాదు బిడ్డా" అంటుంది, యాదగిరిగుట్ట దాకా అలాగే వస్తుంది. ఒక పక్కకు కూర్చున్న మనిషికి సీటు పొడవునా ఎక్కువ జాగా కావాలి, బరువంతా ఎడమ వైపు. నాకు తెలియకుండానే నేను కుడికి ఒరుగుతాను, సాయంత్రానికి వీపులో ఒక పక్క పట్టేస్తుంది. ఎత్తైన అడ్వెంచర్ బండి నేను కొనకపోవడానికి కారణం అమ్మే. నాకు అది దుస్తుల్లా సరిపోతుంది, అమ్మకు మాత్రం స్టూలు కావాలి. అందం కోసం శారీ గార్డు, వెనక పట్టుకునే హ్యాండిల్ పీకించేసే కుర్రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్పేది ఇవే: వెనక మనిషికి పట్టు, కాళ్ళకు ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు. చదును సీటు అమ్మకూ పనికొచ్చింది. మెట్టు మీద అంచున కూర్చున్నట్టు ఉండేదట, ఇప్పుడు "అరుగు లెక్క ఉంది" అంది.

ఇవన్నీ అయ్యాక హ్యాండిల్ దగ్గరికి వచ్చాను. రైజర్లు అక్కర్లేకపోయాయి. బిగింపు వదులు చేసి హ్యాండిల్‌ను రవ్వంత నా వైపు తిప్పాం. ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే వరసలో ఉండేలా లివర్లను కొంచెం కిందికి వంచాం. అద్దాల్లో సగం నా మోచేతులే కనిపించేవి, పొడవాటి కాడలు కొన్నాం. మణికట్టు నొప్పి పోయింది. బాగుపడనిది ఒకటే. నా సీటు అంగుళం పెరిగి, ఆమె మెట్టు తగ్గడంతో నా వీపు ఆమెకు మునుపటి కంటే ఎత్తైంది. చదును సీటు మీద పక్కలకు తిరిగి చూడటం తేలిక కాబట్టి ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ కనిపిస్తుందట. ఎదురుగా ఏముందో మాత్రం నేనే చెప్పాలి.

ఇంకో చిక్కు నేను ఊహించనిది. ఆమె కూడా ఈ బండి నేర్చుకుంటోంది. పెరిగిన సీటు మీద ఆమెకు మునివేళ్ళు కూడా అందవు. అందుకని ఆదివారం పొద్దున సజ్జ మీద నుంచి పాత సీటు దిగుతుంది. తాళం, రెండు బోల్టులు, ఐదు నిమిషాల పని. ఓయూ క్యాంపస్ రోడ్ల మీద ఆమె నడుపుతుంది, నేను వెనక. మోకాళ్ళు రెండూ రెక్కల్లా బయటికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ముందు చూపు మాత్రం బ్రహ్మాండం, ఆమె హెల్మెట్ మీదుగా ఆర్ట్స్ కాలేజీ మొత్తం కనిపిస్తుంది.